లోచ్ చేపల త్రవ్వే మరియు దాగే స్వభావం

లోచ్ చేపలు మంచినీటి అడుగున, నేలను అంటిపెట్టుకొని జీవించే చిన్న చేపలు. ఇవి సిప్రినిఫార్మిస్ అనే క్రమానికి చెందినవి. అంటే మన చెరువులలో పెంచే బొచ్చె, శీలావతి చేపలకు ఇవి దూరపు బంధువులు. ఆసియా, యూరప్ ఖండాలలో విస్తారంగాను, ఆఫ్రికాలో కొద్ది చోట్ల మాత్రమే ఇవి కనిపిస్తాయి. మత్స్య శాస్త్రవేత్త మారిస్ కొట్టెలాట్ 2012లో ప్రచురించిన పట్టికలో వెయ్యికి పైగా లోచ్ జాతులు నమోదై ఉన్నాయి. వాటిలో కొన్ని పదుల జాతులు మాత్రమే ఇళ్ళలోని గాజు తొట్టెలకు (అక్వేరియం) చేరుతున్నాయి.

ఇసుకను త్రవ్వడం, అందులో కూరుకొని ఉండడం, రాళ్ళ సందులలో దాగడం ఈ చేపలకు పుట్టుకతో వచ్చిన గుణాలు. ఈ సంగతి తెలియక ఇంటిలో పెంచేవారు రెండు రకాలుగా నష్టపోతారు. కనిపించని చేప చచ్చిపోయిందని తలచి తొట్టె అంతా తిరగదోడి, బ్రతికి ఉన్న చేపను చేజేతులా చంపుకోవడం మొదటిది. చేప బాగా కనబడాలని దాగే చోట్లన్నీ తీసివేసి, దానిని నిత్యం భయంలో ఉంచడం రెండవది.

పేర్లలోనే ఉన్న స్వభావం

యూరప్‌లోని బురద నీటిలో పెరిగే ఒక లోచ్‌కు లిన్నేయస్ 1758లో 'ఫాసిలిస్' అని పేరు పెట్టాడు. లాటిన్ భాషలో ఈ మాటకు 'త్రవ్వి తీయబడినది' అని అర్థం. నేడు రాతిగా మారిన ప్రాచీన జీవావశేషాలకు వాడే 'ఫాసిల్' అనే మాట కూడా ఇదే మూలం నుండి వచ్చింది. నీరు తగ్గినప్పుడు ఈ చేప బురదలో దాగి ఉండేది, దానిని మనుషులు త్రవ్వి తీసేవారు. అందుకే ఆ పేరు. దీని నేటి శాస్త్రీయ నామం మిస్‌గర్నస్ ఫాసిలిస్. వాతావరణ పీడనం మారినప్పుడు అస్థిమితంగా అటూ ఇటూ ఈదుతుంది కనుక జర్మన్లు దీనిని 'వాతావరణ చేప' అన్నారు. గాలివాన రాకను తెలుసుకోవడానికి పూర్వం దీనిని గాజు పాత్రలలో పెంచేవారు. ఆ లెక్కన అలంకారానికి కాక ఉపయోగానికి ఇంట్లో పెంచిన చేపలలో ఇది ఒకటి.

దీనికి దగ్గరి బంధువైన మిస్‌గర్నస్ ఆంగ్విల్లికాడేటస్ చైనా, జపాన్, కొరియా దేశాలలోని వరి మళ్ళలో, కాలువలలో ఉంటుంది. జపానీయులు దీనిని 'దోజో' అంటారు. ఆ దేశంలోని యసుగి అనే ఊరి జానపద నృత్యంలో, బురదలో నుండి గంపతో దోజో చేపలను దేవడాన్ని అభినయిస్తారు.

అక్వేరియం ప్రియులకు బాగా తెలిసిన కూలీ లోచ్ (పాంజియో కూలీ) పేరుకు మన 'కూలి' అనే మాటతో సంబంధం లేదు. జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త హైన్రిక్ కూల్ 1820లో జావా ద్వీపానికి చేరి, మరుసటి సంవత్సరమే, 24 ఏళ్ళయినా నిండకుండా అక్కడ మరణించాడు. అతని స్మారకంగా ఫ్రెంచి శాస్త్రవేత్త వలెన్సియెన్ 1846లో ఈ చేపకు ఆ పేరు పెట్టాడు. నేడు దుకాణాలలో కూలీ లోచ్ పేరుతో అమ్మేవాటిలో చాలా భాగం పాంజియో సెమిసింక్టా వంటి దగ్గరి జాతులే. పెంపకం విషయంలో ఈ తేడా పెద్దగా లెక్కకు రాదు.

త్రవ్వుటకు అనువైన శరీరం

లోచ్ శరీరాన్ని పరిశీలిస్తే అది నేలలో మసలడానికి తగినట్లు ఉండడం గమనించవచ్చును. నోరు తల క్రిందివైపు ఉంటుంది. నోటి చుట్టూ ఉండే మీసాలపై రుచిని గ్రహించే కణాలు ఉంటాయి. కాబట్టి చీకటిలోనైనా, ఇసుక లోపలనైనా ఆహారాన్ని ఇవి తడిమి తెలుసుకొంటాయి. ఒక్కమాటలో చెప్పాలంటే వాటికి మీసాలే నాలుక, మీసాలే వేళ్ళు. పొలుసులు చాలా చిన్నవి, చర్మంలో ఇమిడి ఉంటాయి. పైన జిగురు పూత ఉంటుంది. కూలీ లోచ్ కన్నులపై పారదర్శకమైన చర్మం కప్పి ఉండి, ఇసుక రేణువుల నుండి కాపాడుతుంది. చాలా లోచ్‌లలో వాయుకోశం బాగా కుదించుకుపోయి, కొంతభాగం ఎముక గూడులో ఇమిడి ఉంటుంది. అందువలన ఈదడం ఆపగానే ఇవి అడుగుకు దిగిపోతాయి. నేలబారు జీవికి ఇది లోపం కాదు, సౌకర్యమే.

కోబిటిడే, బోటిడే అనే కుటుంబాల చేపలకు కంటి క్రింద ఒక ముల్లు ఉంటుంది. మామూలుగా చర్మంలోని గాడిలో ముడుచుకొని ఉండే ఈ ముల్లు, ప్రమాదం ఎదురైనప్పుడు కత్తి మడత విప్పినట్లు బయటకు వచ్చి నిలుస్తుంది. దీని వలన పెంపకందారుకు కలిగే చిక్కు గురించి వ్యాసం చివరలో చూడవచ్చును.

త్రవ్వకంలో రకాలు

అన్ని లోచ్‌లు ఒకే విధంగా త్రవ్వవు. ఈ భేదం తెలిస్తే తొట్టెలో ఏమి వేయాలో, ఏమి వేయకూడదో సులభంగా తెలుస్తుంది.

గుర్రపు ముఖం లోచ్ (అకాంటాప్సిస్ ప్రజాతి) అసలైన త్రవ్వకందారు. దాని ముఖం పొడవుగా, కొన తేలి ఉంటుంది. బెదిరితే తలక్రిందులుగా ఇసుకలోకి దూకి, రెప్పపాటులో మాయమవుతుంది. తరువాత కన్నులు రెండూ మాత్రం ఇసుకపైకి పెట్టి చుట్టూ చూస్తూ ఉంటుంది. ఇది ఒక అడుగుకు కొంచెం తక్కువ వరకు పెరగగల చేప కనుక, ఇది ఉన్న తొట్టెలో క్రొత్తగా నాటిన మొక్కలు నిలవవు. మొక్కల మీద మోజు ఉన్నవారు దీనిని తెచ్చుకోకపోవడమే మంచిది.

కూలీ లోచ్ సన్నగా, చిన్న పాము పిల్లలా ఉండి, 8 నుండి 10 సెంటీమీటర్ల పొడవు పెరుగుతుంది. పసుపు, గులాబి కలిసిన రంగుపై నల్లని పట్టీలు ఉంటాయి. ఆగ్నేయాసియాలో రాలుటాకులు కుళ్ళి నీరు తేనీటి రంగులో ఉండే అడవి వాగులు వీటి స్వస్థలం. అక్కడ ఇది ఇసుకలో కన్నా ఆకుల పొరల మధ్య ఎక్కువగా ఉంటుంది. ఇసుకను నోటిలోకి తీసుకొని, అందులోని సూక్ష్మజీవులను, పురుగులను ఏరుకొని, మిగిలిన ఇసుకను మొప్పల గుండా బయటకు వదలడం దీని అలవాటు. దీపం మలిపిన తరువాత ఓపికగా చూస్తే, మొప్పల వెనుక నుండి సన్నని ఇసుక ధార రాలడం కనిపిస్తుంది. బియ్యం చెరిగే చేటను చూసినవారికి ఈ పని వెంటనే అర్థమవుతుంది.

విదూషక లోచ్ (క్రోమోబోటియా మాక్రాకాంతస్), యోయో లోచ్ (బోటియా అల్మోరే) మొదలైన బోటిడే కుటుంబపు చేపలు సాధారణంగా ఇసుకలో కూరుకుపోవు. ఇవి రాయి క్రింద, దుంగ క్రింద ఉన్న ఇసుకను నోటితో, ఒంటితో తోసి, తమకు సరిపడా గుంట చేసుకొంటాయి. ఒళ్ళు రెండు ప్రక్కలా దేనికో ఒకదానికి తగులుతూ ఉండాలన్నది వీటి కోరిక. ఖాళీ విశాలంగా ఉన్నా, ఒకే ఇరుకు సందులో అయిదారు చేపలు ఒకదానిపై ఒకటి పడి ఉంటాయి. విదూషక లోచ్ ఒక్కొక్కసారి చచ్చినదానిలా ప్రక్కకు ఒరిగి పడుకొంటుంది. క్రొత్తగా పెంచేవారు దీనిని చూసి హడలిపోవడం పరిపాటి. మొప్పలు నిదానంగా ఆడుతూ, ఒంటి రంగు చెక్కుచెదరకుండా ఉంటే అది విశ్రాంతి మాత్రమే.

ఇక దోజో లోచ్ బురదలో పూడుకొని ఎద్దడి కాలాన్ని గడపగలదు. నీటిలో ప్రాణవాయువు తగ్గినప్పుడు పైకి వచ్చి గాలిని మ్రింగి, ప్రేగు గోడల ద్వారా ప్రాణవాయువును గ్రహించి, మిగిలిన గాలిని వెనుకనుండి విడుస్తుంది. మొప్పలతో పాటు ప్రేగును కూడా శ్వాసకు వాడుకొనే ఈ ఏర్పాటు వల్లనే బురద బ్రతుకు దీనికి సాధ్యమైనది. అయితే ఇది చల్లని నీటి చేప. కోస్తా, రాయలసీమ జిల్లాలలో మే నెల ఎండలకు తొట్టె నీరు వేడెక్కినప్పుడు ఇది సుఖంగా ఉండదు. పదేపదే పైకి వచ్చి గాలి మ్రింగుతుంటే ముందుగా నీటి వేడిమిని, గాలి గొట్టాన్ని చూసుకోవాలి.

దక్షిణ భారతదేశం, శ్రీలంకలలోని ఇసుక వాగులలో లెపిడోకెఫాలిక్‌తిస్ థెర్మాలిస్ అనే చిన్న లోచ్ ఉంటుంది. తమిళులు 'అయిరై' అని పిలిచి, ముఖ్యంగా మదురై ప్రాంతంలో పులుసు పెట్టుకొని ఇష్టంగా తినే చేప ఇదే. ఇది కూడా ఇసుకలో దూరే రకమే. ఆహారంగా ప్రసిద్ధి కలిగిన దీనిని అలంకారపు చేపగా పెంచేవారు తక్కువ. కానీ త్రవ్వే తీరును దగ్గరగా చూడదలచినవారికి విదేశీ చేపల కన్నా ఇదేమీ తక్కువైనది కాదని చెప్పవచ్చును.

దాగుటకు కారణాలు

లోచ్‌లలో అధిక భాగం నిశాచరులు, లేదా సంధ్య వేళలలో తిరిగేవి. పగటిపూట కొంగలు, పెద్ద చేపల నుండి తప్పించుకోవడానికి దాగడమే వీటికి ఉన్న ప్రధాన రక్షణ. వేగంగా, ఎక్కువ దూరం ఈదగల శక్తి వీటికి లేదు. గాజు తొట్టెలో కొంగ లేదని చేపకు తెలియదు కదా! పైన వెలిగే ప్రకాశవంతమైన దీపం, గాజు ముందు కదిలే మనిషి నీడ దానికి శత్రువు రాకనే సూచిస్తాయి.

దాగే చోట్లు ఎక్కువైతే చేప అసలు కనిపించదని చాలామంది భావిస్తారు. అనుభవంలో ఇందుకు వ్యతిరేకంగా జరుగుతుంది. పారిపోవడానికి నాలుగు దిక్కులా చోటు ఉన్నదని తెలిసిన చేప ధైర్యంగా బయట తిరుగుతుంది. ఒకే ఒక్క గుహ ఉన్న తొట్టెలో అది ఆ గుహను విడిచి రాదు. బోటిడే కుటుంబంలో పెద్ద చేప మంచి గుహను ఆక్రమించి, చిన్నవాటిని తరుముతుంది. అలాంటి తగవులలో వాటి ఒంటి రంగు వెలసినట్లు అవుతుంది, 'టిక్కు టిక్కు' మనే చప్పుడు కూడా వినవచ్చును. కనుక చేపల సంఖ్య కన్నా గుహల సంఖ్య ఒకటి రెండు ఎక్కువగా ఉండాలి. లోచ్‌లను ఒంటరిగా పెంచరాదు. కనీసం అయిదారు ఉంటేనే వాటి భయం తగ్గుతుంది. ఒంటరి కూలీ లోచ్ నెలల తరబడి కంటపడకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇసుక ఎంపిక

మన దుకాణాలలో అక్వేరియంతో పాటు కట్టబెట్టే రంగురాళ్ళు, నల్లరాతి చిప్స్ లోచ్‌లకు తగవు. వాటి అంచులు గరుకుగా ఉండి మీసాలను అరగదీస్తాయి. గాయమైన చోట బాక్టీరియా చేరి మీసాలు పూర్తిగా పోవచ్చును. మీసాలు పోయిన లోచ్ ఆహారాన్ని వెదుక్కోలేదు. పైగా పెద్ద రాళ్ళ మధ్య ఉన్న సందులలోకి మేత జారి కుళ్ళుతుంది, అక్కడకు నోరు చేరదు.

ఒక మిల్లీమీటరు లోపు, గుండ్రని రేణువులు గల నది ఇసుక శ్రేష్ఠం. రెండు వ్రేళ్ళ మధ్య నలిపి చూస్తే గుచ్చుకోకూడదు. కట్టడాలకు ఇప్పుడు విరివిగా వాడుతున్న రాతిపొడి ఇసుక పొరపాటున కూడా వాడరాదు. అది యంత్రంతో పగులగొట్టినది కనుక ప్రతి రేణువుకూ పదునైన మూలలుంటాయి. సముద్రపు ఇసుకలో ఉప్పు, గవ్వల ముక్కలు ఉంటాయి కనుక అదీ పనికిరాదు. ఇసుకపై కొద్దిగా నిమ్మరసం పిండితే బుడగలు వచ్చినట్లయితే అందులో సున్నపు పదార్థం ఉన్నదని అర్థం. అది నీటి కఠినత్వాన్ని పెంచుతుంది, మెత్తని నీటిలో పుట్టిన కూలీ లోచ్‌కు అది సరిపడదు. ఇసుకను జల్లించి, నీరు తేటపడే వరకు బకెట్టులో పదిసార్లయినా కడగాలి.

కూలీ లోచ్‌కు 4 నుండి 5 సెంటీమీటర్ల మందం చాలును. గుర్రపు ముఖం లోచ్‌కు దాని పరిమాణాన్ని బట్టి ఇంకొంత కావాలి. మరీ మందమైతే అడుగుపొరలలో గాలి ఆడక నల్లని మచ్చలు ఏర్పడి, కోడిగ్రుడ్డు కుళ్ళిన వాసనగల హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పుడుతుంది. లోచ్‌లు తిరిగే మేరకు ఇసుక తిరగబడుతూనే ఉంటుంది, అయినా అవి వెళ్ళని మూలలను అప్పుడప్పుడు వ్రేలితో మెల్లగా కదపాలి.

ఒక ముఖ్యమైన జాగ్రత్త: పెద్ద రాళ్ళను ఇసుకపై పెట్టకూడదు. ముందు రాళ్ళను తొట్టె అడుగున నేరుగా, లేదా పలుచని థర్మాకోల్ ముక్కపై కదలకుండా నిలిపి, ఆ తరువాతే చుట్టూ ఇసుక పోయాలి. ఇసుకపై నిలిపిన రాయి క్రింద లోచ్ త్రవ్వితే, రాయి కుంగి చేపపై పడుతుంది. ఎన్నో లోచ్‌లు ఈ విధంగా చనిపోతాయి. ఇది పూర్తిగా నివారించదగినది.

దాగే చోట్లు

వీటి కోసం ఖరీదైన బొమ్మలు కొననవసరం లేదు. పాత ఇళ్ళ కప్పుపై వేసే గూనపెంకు బోర్లిస్తే చక్కని గుహ అవుతుంది. పీచు తీసి ఉడకబెట్టిన కొబ్బరి చిప్ప, అంచు కొట్టిన మట్టి ముంత, వెదురు గొట్టం కూడా పనికివస్తాయి. నాటు బాదం చెట్టు ఎండుటాకులు కూలీ లోచ్‌లకు ఎంతో ఇష్టం. నీరు కొద్దిగా తేనీటి రంగుకు మారినా హాని లేదు. రంధ్రాలున్న ప్లాస్టిక్ బొమ్మల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. చేప తల పట్టి, ఒళ్ళు పట్టని రంధ్రం ఉచ్చుతో సమానం. పెరిగే చేపకు నిన్న సరిపోయిన రంధ్రం నేడు సరిపోకపోవచ్చును. విదూషక లోచ్ దుకాణంలో రెండంగుళాలే ఉన్నా, కాలక్రమంలో 30 సెంటీమీటర్ల వరకు పెరిగే చేప. గుహలే కాదు, తొట్టె కూడా చాలదు.

చేప కనిపించకపోతే

మొదట చేయవలసిన పని ఏమీ చేయకపోవడమే. దీపం ఆర్పి, అరగంట తరువాత అడుగుకు మునిగే గుళికలు గాని బ్లడ్‌వార్మ్‌లు గాని వేసి, గదిలోని మసక వెలుతురులో గమనించాలి. రెండు మూడు రాత్రులు ఇలా చూస్తే చాలా సందర్భాలలో చేప కనిపిస్తుంది. ఈ లోపున కర్రతో ఇసుకను పొడిచి చూడడం, గులకరాళ్ళను కెలకడం చేయరాదు.

అప్పటికీ కనబడకపోతే వడపోత పరికరం (ఫిల్టర్) చూడాలి. సన్నని కూలీ లోచ్‌లు నీటిని పీల్చే గొట్టం గుండా లోపలికి వెళ్ళి, అక్కడ చేరే మురికిలోని జీవులను తింటూ చాలాకాలం బ్రతికి ఉండడం అక్వేరియం ప్రియులలో పలువురు ఎరిగినదే. గొట్టం మూతికి స్పాంజి తొడిగితే ఈ బెడద ఉండదు. మన దేశంలో ఎక్కువగా వాడిన, ఇసుక క్రింద అమర్చే ప్లాస్టిక్ పలకల ఫిల్టరు మరొక స్థావరం. పలకల క్రిందికి చేరిన కూలీ లోచ్‌లు అక్కడే ఆకుపచ్చని గ్రుడ్లు పెట్టి, పిల్లలు పెరిగిన తరువాత గాని యజమానికి తెలియని ఉదంతాలు కలవు. మనుషులు ప్రయత్నించి పెట్టించలేని గ్రుడ్లను అవి ఎవరూ చూడని చోట పెట్టడం ఆలోచించదగిన విషయం.

తొట్టె చుట్టూ నేలను కూడా వెదకాలి. లోచ్‌లు మూత సందులలో నుండి బయటపడగలవు. దోజో లోచ్ ఇందులో దిట్ట. నీరు మార్చేటప్పుడు గొట్టాన్ని ఇసుకలోకి గుచ్చకుండా, పైపైన నెమ్మదిగా నడపాలి. పారబోసే ముందు బకెట్టులోని నీటిని ఒకసారి చూసుకోవాలి. ఇసుక మార్చవలసి వస్తే, చేతితో గుప్పెడు గుప్పెడుగా తీసి చూడకుండా పారవేయరాదు.

నిజంగా చేప చనిపోయి ఉంటే నీటిలో అమ్మోనియా పెరగవచ్చును. పరీక్ష ద్రావణంతో అది తెలుస్తుంది. నత్తలు, ఇతర చేపలు చిన్న కళేబరాన్ని ఒకటి రెండు రోజులలోనే తినివేస్తాయి కనుక ఆనవాలు దొరకకపోవచ్చును.

దాగడం ఎప్పుడు రోగ లక్షణం?

రోజూ మేత వేళకు వచ్చే చేప హఠాత్తుగా మానివేస్తే, లేదా ఎప్పుడూ దాగి ఉండేది పగటిపూట బయట నీరసంగా పడి ఉంటే అనుమానించాలి. విదూషక లోచ్‌కు తెల్ల మచ్చల వ్యాధి త్వరగా సోకుతుంది. ఇసుకకు, రాళ్ళకు ఒంటిని రాసుకోవడం దీని తొలి సూచన. దీనిని త్రవ్వకంగా పొరబడకూడదు. త్రవ్వే చేప తలతో మొదలుపెడుతుంది, దురదపెట్టే చేప ప్రక్కను గీరి వెంటనే పైకి లేస్తుంది. పొలుసుల రక్షణ తక్కువైనందున లోచ్‌లు రాగి, మాలకైట్ గ్రీన్ వంటి మందులను ఇతర చేపలంతగా తట్టుకోలేవు. సగం మోతాదుతో మొదలుపెట్టడం పెంపకందారులలో వాడుక.

పట్టుకొనే పద్ధతి

లోచ్‌ను వలతో పట్టరాదు. కంటి క్రింది ముల్లు వల దారాలలో చిక్కుకొంటే చేప గింజుకొని గాయపడుతుంది. విడదీసే చేతికి కూడా గుచ్చుకొంటుంది. అది దాగిన కొబ్బరి చిప్పనో వెదురు గొట్టాన్నో రెండు వైపులా మూసి, దానితో సహా పైకెత్తడం మేలు. లేకుంటే ప్లాస్టిక్ సీసా మెడ కోసి, తలక్రిందులుగా సీసాలోకే దూర్చి, లోపల మేత వేసి రాత్రి తొట్టెలో పడుకోబెడితే తెల్లవారేసరికి చేపలు అందులో ఉంటాయి. పల్లెలలో వరిమడి గట్ల వద్ద పెట్టే మావులు కూడా ఈ సూత్రంపైనే పనిచేస్తాయి. వలలో చిక్కుకొన్నట్లయితే లాగకుండా, నీటిలోనే ఉంచి దారాన్ని కత్తిరించాలి.

నదులతో సంబంధం

పెంచలేక దోజో లోచ్‌లను చెరువులలో, కాలువలలో వదలడం వలన ఆస్ట్రేలియా, అమెరికా దేశాలలో అవి స్థిరపడిపోయాయి. బురదలో దాగే చేపను నీరు తోడించి కూడా ఏరివేయలేరు. తొట్టెలో ముచ్చట గొలిపే గుణమే అక్కడ తొలగించరాని సమస్య అయినది. కనుక ఏ విదేశీ చేపనూ మన నీళ్ళలో వదలరాదు.

మరోవైపు మన చేపలే అంగళ్ళకు పోతున్నాయి. చారల లోచ్ (బోటియా స్ట్రయేటా) కర్ణాటకలోని తుంగా నది నుండి సేకరించబడగా, సి. ఆర్. నారాయణరావు 1920లో దానిని వర్ణించాడు. ఆ తుంగ భద్రతో కలిసి తుంగభద్రయై, మంత్రాలయం, కర్నూలు మీదుగా వచ్చి కృష్ణలో కలుస్తుంది. పడమటి కనుమలలోని కొద్ది వాగులకే పరిమితమైన ఈ లోచ్ అలంకారపు చేపల వర్తకంలో చాలాకాలంగా ఉన్నది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి దీనిని ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. దుకాణంలో చారల లోచ్ కనిపించినప్పుడు అది పెంపకం కేంద్రంలో పుట్టినదా, వాగులో పట్టినదా అని అడగడం అవసరం. స్పష్టమైన సమాధానం రాకపోతే కొనకుండా ఉండడమే ఉచితం.